ఒంటికాలి మీద నిలబడింది ఎవరు?

పిల్లకాయలారా,

పులికాట్ పోయొచ్చి మీరు రాసిన ఇంగ్లీషు పేజీ చదివాను. ‘స్టాండింగ్ ఆన్ వన్ లెగ్, వియ్ సా ఎ ఫ్లమింగో’ కింద టీచరు ఎర్రగీత ఎందుకు కొట్టారని అడిగారు. రాజహంస ఒంటికాలి మీద ఉంది, మీరు చూశారు. కానీ ఆ వాక్యంలో ఒంటికాలి మీద ఉన్నది మీరు!

కర్త లేకుండా వాక్యం ముందుకొచ్చే ఇలాంటి ముక్క కట్టు విప్పిన దూడ. కామా దొడ్డి గేటు. గేటు దాటగానే ఎదురుపడిన మొదటి ఆవు కింద దూరుతుంది. మన ఒంగోలు దూడైతే వాసన పట్టి మందలో తల్లిని వెతుక్కుంటుంది. ఇంగ్లీషు దూడకు ముక్కు లేదు. అందుకే తల్లిని, అంటే ఆ పని ఎవరిదో ఆ పేరును, గేటు పక్కనే కట్టాలి: ‘స్టాండింగ్ ఆన్ వన్ లెగ్, ద ఫ్లమింగో స్లెప్ట్.’ లేదంటే దూడనే తల్లి వెనక కట్టేయండి: ‘వియ్ సా ఎ ఫ్లమింగో స్టాండింగ్ ఆన్ వన్ లెగ్.’ ఇక్కడ కామా వద్దు. పెట్టారా, దూడ మళ్లీ ‘వియ్’ వైపు చూస్తుంది.

‘వాకింగ్ బై ద లేక్, మై క్యాప్ ఫెల్ ఆఫ్’లో తప్పు చటుక్కున కనబడదు. ‘మై’ ఉంది కాబట్టి నడిచింది నేనే అనిపిస్తుంది. కానీ కర్త ‘క్యాప్’. గంట ఆవు మెడలోదే అయినా పాలు గంటకు రావు కదా! నడిచే మనిషిని లోపలికి తేవాలి: ‘వైల్ ఐ వాజ్ వాకింగ్ బై ద లేక్, మై క్యాప్ ఫెల్ ఆఫ్.’

మనం ‘నడుస్తుంటే టోపీ పడింది’ అంటాం. ‘తుంటే’ ఇద్దరు కర్తల్ని మోస్తుంది. ‘తూ’ మోయదు. ‘నడుస్తూ టోపీ పడింది’ అని చూడండి, టోపీకి కాళ్లొచ్చాయి. వాక్యం మొదట్లో వచ్చే ఇలాంటి ‘ఇంగ్’ కూడా ‘తూ’ జాతిదే. అనుమానం వస్తే ‘తూ’ పెట్టి తెలుగులో పైకి చదవండి, మీ చెవే పట్టేస్తుంది.

‘ఇంగ్’ లేకపోయినా ఇదే తంతు. ‘క్యాప్చర్డ్ ఇన్ 1514, కృష్ణదేవరాయ రూల్డ్ ఉదయగిరి’ అని రాస్తే కోట పట్టిన రాయలే పట్టుబడిపోయాడు. ‘క్యాప్చర్డ్ ఇన్ 1514, ఉదయగిరి పాస్డ్ టు కృష్ణదేవరాయ’ అనాలి. ‘ఇన్ ది ఈవెనింగ్’ లాంటి వాటితో ఈ పేచీ లేదు, అవి దూడలే కావు. ‘జనరల్లీ స్పీకింగ్’ ఊరి ఆంబోతు. ఎవరి దొడ్లో మేసినా ఎవరూ అదిలించరు.

మీ పేజీలో చివరి వాక్యం: ‘కవర్డ్ విత్ మడ్, అవర్ టీచర్ వాష్డ్ మై షూస్.’ దీని కింద గీత లేదు. బురద ఎవరికి అంటిందో చూసి, రెండు రకాలుగా దిద్ది పంపండి.

మీ తాతయ్య, నెల్లూరు