కాకి వాలింది, తాటిపండు రాలింది

2024 జూన్ 11 రాత్రి, దోహాలోని జాసిమ్ బిన్ హమద్ స్టేడియం. ఫుట్‌బాల్ ప్రపంచ కప్ క్వాలిఫయర్‌లో ఖతార్ మీద మన భారత జట్టు 1-0తో ముందుంది. 37వ నిమిషంలో ఛాంగ్తే కొట్టిన గోల్ అది. అదే స్కోరు నిలబడితే చరిత్రలో తొలిసారి మూడో రౌండుకు వెళ్తాం. 73వ నిమిషంలో ఖతార్ ఆటగాడి హెడర్‌ను గోల్‌కీపర్ గురుప్రీత్ కిందపడి ఆపాడు. బంతి అతని ఒంటి పక్కగా జారి గోల్‌లైన్ దాటి బయటికి పోయింది. మనవాళ్లు కార్నర్ అనుకుని ఆగిపోయారు. ఈలోగా ఒక ఖతార్ ఆటగాడు లైన్ అవతల ఉన్న బంతిని కాలితో లోపలికి లాగాడు, యూసుఫ్ ఐమెన్ దాన్ని నెట్లోకి తోశాడు. రెఫరీ గోల్ ఇచ్చేశాడు.

ఆ మ్యాచ్‌కి వీఏఆర్ (వీడియో చూసి రెఫరీ తీర్పును సరిచూసే ఏర్పాటు) లేదు. రెఫరీ, ఇద్దరు లైన్స్‌మన్లు ఏం చూస్తే అదే తీర్పు. 85వ నిమిషంలో ఇంకో గోల్ పడింది, 2-1తో ఓడిపోయాం. ఆరు రోజులకు, జూన్ 17న, కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను తీసేశారు.

ఆ క్లిప్‌ను ఫోన్‌లో వేలితో కొద్దికొద్దిగా జరుపుకుంటూ ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. మొదట్లో ఒళ్లు మండిపోయింది. ఆ మంట తగ్గాక రెండు ప్రశ్నలు మిగిలాయి. ఇంత తేటగా మనకు కనబడింది వాళ్లకెందుకు కనబడలేదు? కోచ్‌ను మారిస్తే నిజంగా ఏమైనా మారుతుందా? వేర్వేరు ప్రశ్నల్లా ఉన్నాయి గానీ, చదివేకొద్దీ రెండూ ఒక చోటే కలుస్తున్నాయనిపించింది.

ముందు లైన్ సంగతి. బంతి మొత్తం లైన్ మొత్తాన్ని దాటితేనే బయటికి వెళ్లినట్టు లెక్క. బంతి అడ్డంగా సుమారు 22 సెంటీమీటర్లు ఉంటుంది, కానీ నేలను తాకేది అడుగున చిన్న బిళ్లంత మేర మాత్రమే. అందువల్ల నేలను తాకిన చోటు లైన్‌కు బయట ఉన్నా, బంతి పొట్ట లైన్ మీద వేలాడుతూ ఉండొచ్చు. దాదాపు 11 సెంటీమీటర్ల దాకా ఈ వెసులుబాటు ఉంది. 2022 డిసెంబరు 1న అదే ఖతార్‌లో, ప్రపంచ కప్‌లో జపాన్, స్పెయిన్ మ్యాచ్‌లో జరిగింది ఇదే. జపాన్ ఆటగాడు మితోమా లైన్ మీంచి వెనక్కి తోసిన బంతి పక్కనుంచి తీసిన ఫొటోల్లో నిస్సందేహంగా బయటే ఉంది. నిట్టనిలువున పైనుంచి తీసిన ఫొటోలో మాత్రం బంతి అంచు లైన్ మీదే ఉంది, అదీ రెండు మిల్లీమీటర్ల లోపు. దాంతో పడిన గోల్ నిలిచింది, జపాన్ 2-1తో గెలిచింది, ఆ గ్రూపు లెక్కల్లో జర్మనీ ఇంటిదారి పట్టింది.

గోడ గడియారాన్ని పక్కనుంచి చూస్తే ముల్లు ఒక నిమిషం అటో ఇటో కనబడుతుంది కదా, ఇదీ అంతే. లైన్‌కు సూటిగా నిలబడిన కన్ను చెప్పేదే నిజం. ఆ చోట ఉండాల్సిన లైన్స్‌మన్ టచ్‌లైన్ మీద, గోల్ మధ్యకు 34 మీటర్ల దూరంలో ఉంటాడు. ఆ మధ్యలో పోస్టు, గోల్‌కీపర్ ఒళ్లు, గుంపుగా కాళ్లు. దోహా తీర్పు తప్పే, అందులో నాకు అనుమానం లేదు. కానీ తప్పు కనబడగానే దాని వెనక కుట్ర ఉందనుకోవడం నేను మానేశాను.

ఆఫ్‌సైడ్ (పాస్ ఇచ్చే క్షణానికే దాన్ని అందుకునేవాడు సాధారణంగా చివరి రక్షకుడిని దాటి గోల్‌వైపు ఉండకూడదన్న నియమం) తేల్చడం ఇంకా కష్టం. పాస్ ఇచ్చే కాలు ఒకచోట, పరిగెత్తే ఆటగాడు ఇంకోచోట. రెండింటినీ ఒకే క్షణంలో చూడాలి. వేగంగా పరిగెత్తేవాడు సెకనుకు 8, 9 మీటర్లు పోతాడు. సెకనులో పదో వంతు పొరపాటు పడితే అతను దాదాపు ఒక మీటరు ముందున్నట్టు లెక్క. పైగా, ఒక చోట ఠక్కున ఏదైనా జరిగినప్పుడు, ఆ క్షణాన కదులుతున్న వస్తువు ఉన్నచోటు కంటే కాస్త ముందున్నట్టు మన కంటికి తోస్తుంది. లైన్స్‌మన్ జెండా తప్పుగా లేవడానికి ఇదొక కారణమని బ్రెజిల్ పరిశోధకులు 2002లో రాశారు. ఎంత చిత్తశుద్ధి ఉన్నా ఆ కంటితోనే కదా చూడాలి.

ఇక డైవింగ్. ఎవరో కాలు తగిలించినట్టు తనంతట తాను పడిపోవడం. పడిన ఆటగాడిని బూతులు తిట్టడం తేలికే. చూసినవాళ్లు ఎందుకు నమ్ముతారన్నది అంతకన్నా లోతైన ప్రశ్న.

కాకతాళీయ న్యాయం మనకు కొత్త కాదు. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణాన పండు రాలింది. చూసినవాడు కాకి బరువుకే రాలిందన్నాడు. మన పెద్దవాళ్లు దీన్ని తర్కంలో పొరపాటుగా చెప్పారు. బెల్జియం మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఆల్బర్ట్ మిషోట్ 1940లలో దీన్ని ప్రయోగాలతో చూపించాడు. ఒక రంగు ముక్క జరుగుతూ వచ్చి ఇంకోదాన్ని తాకి ఆగుతుంది, వెంటనే రెండోది కదులుతుంది. అవి ఉత్త బొమ్మలే, ఒకదాన్నొకటి నెట్టే శక్తి వాటికి లేదు. అయినా చూసేవాళ్లు ‘మొదటిది రెండోదాన్ని నెట్టింది’ అంటారు. ఆలోచించి అనరు, వాళ్లకు అలాగే కనబడుతుంది. తాకడానికీ కదలడానికీ మధ్య కొంచెం వ్యవధి పెంచితే చాలు, ఆ భ్రమ చెదిరిపోతుంది. దానికి సెకనులో రెండు పదో వంతులు కూడా అక్కర్లేదు.

డైవ్ చేసేవాడి బలమంతా ఇక్కడే ఉంది. రక్షకుడి కాలు దగ్గరికి వచ్చింది, ఇతను పడ్డాడు. తక్కిన కథ మన కన్నే అల్లుకుంటుంది.

ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో పాల్ మోరిస్, డేవిడ్ లూయిస్ ఈ విషయాన్నే పట్టుకుని, నటనను బయటపెట్టే గుర్తులేమిటో చూశారు. దెబ్బ తగలడానికీ పడడానికీ మధ్య ఖాళీ ఉండడం ఒకటి. మిషోట్ చూపిన వ్యవధి ఇదే. తగిలిన తోపుకు మించి, లేని వేగం తెచ్చుకుని దొర్లిపోవడం ఇంకోటి. దెబ్బ ఒకచోట తగిలితే మరోచోట పట్టుకుని విలవిల్లాడడం మూడోది. అన్నిటికంటే నాకు ఆశ్చర్యం కలిగించింది శరీరం తీసుకునే ఆకారం. నీళ్లు పడిన బాత్రూమ్ నేల మీద కాలు జారిందనుకోండి. చేతులు ఎటు పోతాయి? గోడ కోసం, తలుపు గడియ కోసం, చివరికి నేల కోసం. ముఖం పగలకుండా చేతులు అడ్డం పడతాయి, మనం చెప్పనక్కర్లేదు. డైవ్‌లో మాత్రం ఛాతీ ముందుకు పొడుచుకొస్తుంది, తల వెనక్కి వాలుతుంది, రెండు చేతులూ అరచేతులు తెరుచుకుని పైకి లేస్తాయి, మోకాళ్ల దగ్గర వంగిన కాళ్లు వెనక గాల్లో ఉంటాయి. పక్కనుంచి చూస్తే ఎక్కుపెట్టిన విల్లే. నిజంగా పడేవాడి ఒళ్లు ఎప్పుడూ ఆ ఆకారంలోకి రాదు, ఎందుకంటే అందులో తనను తాను కాపాడుకునే ప్రయత్నమే లేదు. ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు కాళ్లను వదిలేసి చేతులను గమనించండి.

దెబ్బ ఒకచోట, బాధ ఒకచోట అన్నదానికి 2002 ప్రపంచ కప్‌లో రివాల్డోను మించిన ఉదాహరణ లేదు. కొరియాలోని ఉల్సాన్‌లో టర్కీతో మ్యాచ్ చివర్లో రివాల్డో కార్నర్ కొట్టబోతున్నాడు. టర్కీ ఆటగాడు హకాన్ ఉన్సాల్ విసురుగా తన్నిన బంతి అతని కాలికి తగిలింది. రివాల్డో ముఖం పట్టుకుని కుప్పకూలాడు. ఉన్సాల్‌ను బయటికి పంపారు. తర్వాత రివాల్డోకి జరిమానా వేశారు గానీ, ఉన్సాల్ కార్డు వెనక్కి వెళ్లలేదు, బ్రెజిల్ 2-1 గెలుపూ మారలేదు.

ఆస్ట్రేలియాలో జంతువుల మోసపు సంకేతాలను అధ్యయనం చేసే జీవశాస్త్రవేత్తలు 2011లో ఆరు దేశాల లీగుల్లో ఆటగాళ్లు పడిపోయిన 2800 దాకా సందర్భాలను పరిశీలించారు. దాదాపు 6 శాతం పచ్చి నటన. గోల్‌కు దగ్గరగా ఉన్నప్పుడు, స్కోరు సమంగా ఉన్నప్పుడు నటన పెరిగింది. రెఫరీలు ఎక్కువగా నమ్మే లీగుల్లో ఎక్కువగా నటించారు. 1999 నుంచి నటనకు ఎల్లో కార్డు ఇవ్వాలని నిబంధన ఉంది. వాళ్లు చూసిన ఆ నటనల్లో ఒక్కదానికీ శిక్ష పడలేదు. అందుకే ఆటగాడి నీతిని మాత్రమే పట్టుకు వేలాడడం నాకు న్యాయంగా అనిపించదు. పండే చేలోనే కదా విత్తనం వేస్తారు.

స్లో మోషన్ వచ్చాక ఇదంతా తీరిపోతుందనుకున్నాం. కొంత తీరింది. కానీ స్లో మోషన్‌లో చూసినప్పుడు అదే పని కావాలని చేసినట్టు మనకు ఎక్కువగా అనిపిస్తుందని అమెరికా పరిశోధకులు 2016లో చూపించారు. ఆ మనిషికి ఆలోచించుకునే సమయం ఉన్నట్టు కనబడుతుంది, నిజానికి అది ఉండదు. రెఫరీల మీద చేసిన ప్రయోగాల్లోనూ స్లో మోషన్ చూసినవాళ్లు పెద్ద శిక్షలవైపు మొగ్గారు. అందుకే వీఏఆర్ నియమాల్లో ఎక్కడ తగిలిందో తేల్చడానికే స్లో మోషన్, ఎంత గట్టిగా తగిలిందో తేల్చడానికి మామూలు వేగం అని రాసుకున్నారు. చాలా మంచి నియమం. ఇంట్లో టీవీ ముందు కూర్చుని మనం మాత్రం స్లో మోషన్ చూసే వాదించుకుంటాం.

రెఫరీ చెవులూ ఇందులో ఉన్నాయి. లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్, లెస్టర్ మ్యాచ్ నుంచి 47 ఘటనలు ఎంచుకుని 40 మంది రెఫరీలకు వీడియోలో చూపించారు. కొందరికి ప్రేక్షకుల హోరుతో, మిగతావాళ్లకు శబ్దం లేకుండా. హోరు విన్నవాళ్లు సొంత గడ్డ జట్టు మీద 15.5 శాతం తక్కువ ఫౌళ్లు ఇచ్చారు. ఎవరూ లంచం ఇవ్వలేదు, బెదిరించలేదు. వేలమంది ఒక్కసారిగా ‘హో’ అంటే, ఏదో జరిగే ఉంటుందని మనసు దాన్నీ సాక్ష్యంగా తీసుకుంటుంది. కరోనా రోజుల్లో ఖాళీ స్టేడియాల్లో ఆడినప్పుడు కార్డుల విషయంలో సొంత జట్టుకు దొరికే ఆ మొగ్గు బాగా తగ్గింది.

ఇప్పుడు స్టిమాచ్ దగ్గరికి వద్దాం.

అష్టాచమ్మా ఆడినవాళ్లకు ఇది బాగా తెలుసు. నాలుగు గవ్వలు వేస్తే వరసగా మూడుసార్లు ఒకటే పడింది. ‘చెయ్యి మార్చు’ అంటారు పక్కనున్నవాళ్లు. గవ్వలు తమ్ముడి చేతికిస్తే రెండో, మూడో పడుతుంది, అష్ట కూడా పడొచ్చు. వాడి చెయ్యి మంచిదంటారు. గవ్వ వెల్లకిలా, బోర్లా సమానంగా పడుతుందనుకుంటే, ఒకటి పడే అవకాశం 16లో 4. అంటే ఎవరు వేసినా నాలుగింట మూడుసార్లు అంతకంటే మెరుగే పడుతుంది. మనం చెయ్యి మార్చేది ఎప్పుడు? అట్టడుగున ఉన్నప్పుడే. అక్కడినుంచి పైకే కదా రావాలి. ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో తల్లిదండ్రుల ఎత్తునూ పిల్లల ఎత్తునూ పోల్చి దీన్ని లెక్కలో పెట్టాడు. విపరీతమైన ఫలితం తర్వాత వచ్చేది సాధారణంగా సగటువైపే జరుగుతుంది.

2017 ఫిబ్రవరిలో లెస్టర్ సిటీ వరసగా ఐదు లీగ్ మ్యాచ్‌లు ఓడింది. అంతకు ముందు సీజన్‌లోనే లీగ్ గెలిపించిన కోచ్ రనియేరిని తీసేసింది. క్రెయిగ్ షేక్‌స్పియర్ వచ్చాడు, వరసగా ఐదు లీగ్ మ్యాచ్‌లు గెలిచాడు. ఇంతకన్నా రుజువు కావాలా అన్నారు. అదే ఏడాది అక్టోబరులో అతన్నీ తీసేశారు.

రుజువు కావాలంటే కాకి వాలని చెట్టును కూడా చూడాలి. డచ్ ఆర్థికవేత్త బాస్ టర్ వీల్ చేసింది అదే. నెదర్లాండ్స్ లీగులో 1986 నుంచి 2004 దాకా కోచ్‌ను తీసేసిన క్లబ్బుల పక్కన, అంతే ఘోరంగా ఓడుతూ కూడా కోచ్‌ను మార్చని క్లబ్బులను పెట్టి చూశాడు. మార్చని క్లబ్బులూ అలాగే కోలుకున్నాయి. కోచ్‌లందరూ ఒకటే అని దీనర్థం కాదు, మంచి కోచ్ ఏళ్ల మీద జట్టును తీర్చిదిద్దుతాడు. కొత్త కోచ్ వచ్చిన మొదటి నెల ఫలితాలు మాత్రం ఆ సంగతి తేల్చలేవు.

మనకైతే ఆ మొదటి నెల సంబరం కూడా దక్కలేదు. స్టిమాచ్ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు తెచ్చిపెట్టిన మనోలో మార్కెజ్ వచ్చాడు. మొదటి మ్యాచ్ మన గచ్చిబౌలిలోనే, మారిషస్‌తో 0-0. ఆరు రోజులకు అక్కడే సిరియా చేతిలో 0-3. తర్వాతి ఏడాది జులైలో అతను తప్పుకునేసరికి 8 మ్యాచ్‌లలో ఒకే ఒక్క గెలుపు, మాల్దీవుల మీద. మనోలో పనిమంతుడని ఈ ఊరికి తెలుసు. కానీ దోహా మ్యాచ్‌కి ఐదు రోజుల ముందే 94 గోల్స్ కొట్టిన సునీల్ ఛెత్రీ రిటైరయ్యాడు, మళ్లీ 2025 మార్చిలో గానీ జట్టులోకి రాలేదు. ఆ ఖాళీ కోచ్ కుర్చీలో ఎవరు కూర్చుంటే పూడుతుంది? సగటే కిందికి జారినప్పుడు చెయ్యి మార్చినా గవ్వలు అవే.

ఇదే ఊళ్లో ఒకప్పుడు సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడి పంతులు ఉండేవారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన తీసుకెళ్లిన భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. అంత ఓటమికి ఈ రోజుల్లో ఏ కోచ్ అయినా మిగులుతాడా! 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు జట్టును తీసుకెళ్లిందీ ఆయనే, నాలుగో స్థానం వచ్చింది. 1962లో జకార్తాలో స్టేడియం నిండా జనం మన జట్టుకు వ్యతిరేకంగా అరుపులతో హోరెత్తిస్తుంటే, దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చారు. అప్పటికే ఆయనకు క్యాన్సర్.

రహీం సాబ్ పోయింది 1963 జూన్ 11న. దోహా మ్యాచ్ కూడా జూన్ 11నే. ఈ రెండు తేదీలు కలవడానికి ఏ కారణమూ లేదు, నాకు తెలుసు. అయినా పక్కపక్కన చూసిన ప్రతిసారీ మనసు ఏదో ఒక ముడి వేయాలని చూస్తూనే ఉంటుంది.