తాడు పట్టే చేతులు పెరిగితే లాగుడు ఎందుకు తగ్గుతుంది?

అంతర్వేది రథోత్సవంనాడు రథం తాడు పట్టినవాళ్లలో ఎవరు ఎంత లాగారో ఎవరూ చెప్పలేరు, లాగినవాడితో సహా. ఒడ్డున అలివి వల లాగేటప్పుడూ అంతే. తాడుమీద పడ్డ బలమంతా కలిసిపోతుంది, ఎవరి వాటా ఎంతో విడిగా కనపడదు.

ఫ్రాన్సులో మాక్స్ రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజనీరు 1880లలో ఈ లెక్క తేల్చడానికి పూనుకున్నాడు. ఆయనకు మనస్తత్వశాస్త్రంతో పనిలేదు. మనిషి, పశువు, యంత్రం, వీటిలో దేనితో ఏ పని చేయిస్తే ఎంత గిట్టుబాటో తెలిస్తే చాలు. తాడు చివర బలం కొలిచే పరికరం కట్టి మనుషులచేత లాగించాడు. ఒక్కడే లాగితే సగటున 85.3 కిలోలు. ఏడుగురు కలిసి లాగితే తలకు 65 కిలోలే. పద్నాలుగు మందైతే 61.4. అంటే ఏడుగురి తాడుమీద దాదాపు 600 కిలోలు పడాల్సింది 455 దగ్గర ఆగింది. ఈ ఫలితాలు అచ్చయింది 1913లో. ఎనిమిదిమంది ఉంటే మనిషి సగం బలమే పెడతాడన్న మాట చాలాచోట్ల కనపడుతుంది కానీ, ఈ తాడు లెక్కలు అంత దారుణంగా లేవు.

లోటుకు కారణం బద్ధకమేనా? రింగెల్‌మన్ ముందు అనుమానించింది పొత్తు కుదరకపోవడాన్ని. ఒకడు ఊపిరి పీల్చుకునే క్షణంలో ఇంకొకడు లాగుతాడు, ఒకడి కాలు జారితే పక్కవాడి పట్టు సడలుతుంది. వల లాగేవాళ్లు ‘ఐలేసా’ అనేది ఊరికే కాదు, అందరి బలం ఒకే క్షణంలో తాడుమీద పడాలని. ఈ నష్టాన్ని పాట పూడుస్తుంది. పాట పూడ్చలేని నష్టం ఇంకొకటి ఉంది.

దాన్ని విడదీసి చూపినవాళ్లు 1974లో ఇంగమ్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు. పరీక్షించాల్సిన మనిషిని తాడుకు అందరికంటే ముందు నిలబెట్టి కళ్లకు గంతలు కట్టారు. వెనకున్నవాళ్లు లాగుతున్నట్టు నటించారంతే. నిజంగా లాగేది ఒక్కడే కాబట్టి పొత్తు కుదరకపోవడమన్న ప్రశ్నే లేదు. అయినా వెనక ఇద్దరున్నారని నమ్మినవాడి లాగుడు దాదాపు 15 శాతం పడిపోయింది. వెనక ఐదుగురున్నారనుకున్నా అంతకంటే పెద్దగా తగ్గలేదు.

1979లో లటానే, విలియమ్స్, హార్కిన్స్ అనే మనస్తత్వవేత్తలు తాడు వదిలి అరుపులు కొలిచారు. అదీ కళ్లకు గంతలు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి. తనతోపాటు ఇంకొకరు అరుస్తున్నారనుకున్నవాడు ఒంటరిగా అరిచినదానిలో 82 శాతమే అరిచాడు. ఇంకో ఐదుగురు అరుస్తున్నారనుకుంటే 74 శాతం. గుంపులో గోవిందా అనే మాటకు ఇంతకంటే నేరైన కొలత దొరకదు. దీనికి వాళ్లు పెట్టిన పేరు సోషల్ లోఫింగ్, అంటే గుంపులో ఉన్నప్పుడు పని తగ్గించడం. 1981లో అదే బృందం చిన్న మార్పు చేసింది: గుంపులో అరిచినా ఎవరి గొంతు ఎంతో విడిగా తెలుస్తుందని ముందే చెప్పారు. తగ్గుదల మాయమైంది.

అసలు కీలకం ఇక్కడుంది. ‘మన కూలీలు బద్ధకస్తులు’ అని గట్టుమీద కూర్చుని తేల్చేసేవాళ్లు ఈ ఒక్క ఫలితం చదివితే చాలు. అదే మనిషి, అదే గొంతు. మారింది లెక్క కనపడటమే.

ఊడ్పుల్లో దీన్ని దగ్గరగా చూడొచ్చు. మునుం పట్టి వరసగా వంగినప్పుడు ఎవరి పట్టీ వాళ్లదే. వెనకబడితే వరస వంకర తిరుగుతుంది, చూసినవాళ్లందరికీ తెలుస్తుంది. కాబట్టి వేగంలో దాపరికం లేదు. దాగేది నాణ్యత. ఎకరానికింతని గుత్తకు తీసుకున్న ముఠాకు పొలం త్వరగా ముగిస్తేనే లాభం. గట్టుపక్క నాట్లు ఒత్తుగా ఉంటాయి, మడి మధ్యలో పలచబడతాయి, నారు లోతుగా దిగిపోతుంది. సార్వాలో (ఖరీఫ్) చదరపు మీటరుకు 33 కుదుళ్లు, దాళ్వాలో (రబీ) 44 ఉండాలని సిఫారసు. కుదురుకు రెండుమూడు మొక్కలు, పైపైన రెండుమూడు సెంటీమీటర్ల లోతులో. సార్వాలో 33 బదులు 25 పడితే ఎకరానికి 32 వేల కుదుళ్ల లోటు. లోతుగా నాటితే పిలకలు తగ్గుతాయి కాబట్టి ఆ లోటు తర్వాత పూడదు కూడా.

కొలవడం తేలికే. మీటరు పొడవు, మీటరు వెడల్పున కర్రలతో చట్రం కట్టి, గట్టుకు కనీసం నాలుగైదు మీటర్లు లోపల, వేర్వేరు పట్టీల్లో వేసి లెక్కపెట్టాలి. ముఠా వెళ్లాక కాదు, మొదటి గంటలోనే. ఎవరి పట్టీలో ఎంతుందో వాళ్లకే చూపాలి. మొత్తం మడికి సగటు చెబితే ఆ లెక్క మళ్లీ అందరిదీ అయిపోతుంది, అంటే ఎవరిదీ కాదు.

మట్టిపనిలో సమస్య ఇంకోలా ఉంటుంది. ఇరవైమంది తవ్విన గొయ్యినంతటినీ ఒకేసారి కొలిచి కూలి సమంగా పంచితే, ఒకడు అదనంగా తవ్విన ఘనపు మీటరులో వాడికి దక్కేది ఇరవయ్యోవంతు. తవ్వకపోతే పోయేదీ అంతే. ఇంకో చిక్కు: పక్కవాడు ఎగ్గొడుతున్నాడని కనిపెట్టిన పనిమంతుడు కూడా, వాడికోసం నేనెందుకు వెర్రివాణ్ణి కావాలని పార నెమ్మదిస్తాడు. ఇది 1983లో నార్బర్ట్ కెర్ ప్రయోగాల్లో తేలింది. ఒకడి బద్ధకం కంటే, దాన్ని చూసి మిగతావాళ్లు వెనక్కి తగ్గడమే ఎక్కువ పని చెడగొడుతుందని నా అంచనా. నలుగురైదుగురికి ఒక గొయ్యి, మధ్యలో పాతమట్టం తెలిసేలా తవ్వకుండా వదిలిన దిమ్మ ఉంటే వాటా ఐదోవంతుకు పెరుగుతుంది, కొలతలో తగవూ తగ్గుతుంది.

అన్ని గుంపుపనులూ ఒకలా ఉండవు. 1920లలో బెర్లిన్‌లో ఒట్టో కోలర్ పడవపోటీల క్లబ్బువాళ్లతో బరువులెత్తించి ఉల్టా ఫలితం చూశాడు: జంటలో ఒకరు వదిలేస్తే ఇద్దరి పనీ ఆగిపోయేటట్టుంటే, బలహీనుడు ఒంటరిగా ఉన్నప్పటికంటే ఎక్కువసేపు నిలిచాడు. ఇద్దరి బలాల్లో తేడా ఓ మోస్తరుగా ఉన్నప్పుడే ఇది బాగా కనిపించింది. కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోటకు, దేవుణ్ణి నిలిపిన ఎత్తైన ప్రభలను భుజాన వేసుకుని పొలాల్లోంచి, కౌశిక ఏటి నీళ్లలోంచి దాటించడం ఈ జాతి పనే. ఒక భుజం జారితే ప్రభ ఒరుగుతుంది.

పంటబోదె పూడిక తీత కూడా ఈ కోవదే. మధ్యలో ఇరవై మీటర్లు వదిలేస్తే కింది చేలకు నీళ్లందవు, తప్పెవరిదో అక్కడే తెలిసిపోతుంది. అయితే పొడవును సమంగా పంచడం న్యాయం కాదు. తూము దగ్గర ఒండ్రు మందంగా పేరుకుంటుంది. 60 సెంటీమీటర్ల వెడల్పు బోదెలో 15 సెంటీమీటర్ల పూడికున్నచోట 20 మీటర్లంటే 1.8 ఘనపు మీటర్ల మట్టి. పూడిక 30 సెంటీమీటర్లున్నచోట అదే పనికి 10 మీటర్లు చాలు. కర్రతో ముందు లోతు చూసి, దాన్నిబట్టి మేకులు పాతి, ఆ తర్వాతే చీటీలు వేసుకోవాలి. చీటీలు ముందేసుకుంటే, తనకు ఏ ముక్క వచ్చిందో తెలిసినవాడు లోతు చూసే కర్రను ఎక్కడ గుచ్చాలో తనే చెబుతాడు.