పాత కారు స్టీరింగ్ వణికితే సస్పెన్షన్ అంతా మార్చాల్సిందేనా?

క్రితం వర్షాల్లో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తన పాత స్విఫ్ట్‌ను ఒంగోలులోని మా షెడ్డుకు తీసుకువచ్చారు. హైవే మీద 80 దాటగానే స్టీరింగ్ వణుకుతోందని ఆయన అంతకుముందే మరొక చోట చూపించగా, బండి పాతబడింది కనుక ముందు వైపు సస్పెన్షన్ (చక్రాలను బండికి కలిపి కుదుపులను అణచే భాగాలు) మొత్తం పోయిందని చెప్పి లోయర్ ఆర్మ్‌లు, టై రాడ్ ఎండ్లు, షాక్ అబ్జార్బర్లు అన్నీ మార్చారు. డబ్బు ఖర్చయింది గానీ వణుకు పోలేదు. "ఇప్పుడు స్టీరింగ్ ర్యాక్ మార్చాలంటున్నారు బాబూ, ఇక బండి అమ్మేయమంటావా?" అని, స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు అందించే ఆ భాగం గురించి అడిగినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన దిగులు నాకు కొత్తది కాదు. నెలకు ఒకరిద్దరైనా ఇదే దిగులుతో, ఇలాంటి బిల్లులతోనే వస్తుంటారు.

అపోహ: పాత బండి ముందు భాగం వణికితే సస్పెన్షన్ అరిగినట్లే, అన్నీ మారిస్తే వణుకు పోతుంది.

వాస్తవం: వేగంతో పాటు వచ్చే వణుకు దాదాపు ఎప్పుడూ తిరిగే వస్తువులోనే పుడుతుంది, అంటే టైరులో, రిమ్‌లో, బ్రేకు డిస్క్‌లో లేదా చక్రాన్ని తిప్పే యాక్సిల్‌లో. అరిగిన బుష్‌లు (ఆర్మ్‌ల చివర ఉండే రబ్బరు భాగాలు), లూజైన బాల్ జాయింట్లు (ఆర్మ్‌ను చక్రంతో కలిపే గుండ్రటి కీళ్లు) ఆ వణుకును అణచకుండా స్టీరింగ్ దాకా మోసుకొస్తాయి. ముందు వైపు రిజిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్న పాత జీపుల సంగతి వేరు. వాటిలో జాయింట్లు లూజైతే గుంతలో పడిన మరుక్షణం స్టీరింగ్ మొత్తం ఊగిపోవచ్చు. కార్లలో మాత్రం మూలం చక్రంలో ఉండగా ఆర్మ్‌లు మార్చడం వల్ల వణుకు కొంత తగ్గినట్లు అనిపిస్తుందే తప్ప పోదు.

ఎంత చిన్న లోపానికి ఎంత వణుకు పుడుతుందో ఒక లెక్క చూడండి. 165/80 ఆర్14 సైజు టైరు గంటకు 90 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 13 సార్లు తిరుగుతుంది. రిమ్ అంచున 30 గ్రాముల బరువు ఎక్కువైతే, ఆ వేగంలో అది చక్రాన్ని సుమారు మూడున్నర కిలోల బలంతో బయటికి లాగుతుంది. ఆ లాగుడు చక్రంతో పాటు సెకనుకు 13 సార్లు దిశ మారుతుంది. వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగు రెట్లవుతుంది కాబట్టే, 50లో తెలియని వణుకు 90లో చేతులు తిమ్మిరెక్కిస్తుంది.

మాస్టారి బండిని జాకీ మీద లేపి చక్రాలు విప్పితే, రిమ్‌ల లోపలి వైపు నల్లరేగడి మట్టి రెండు వేళ్ల మందాన ఒకే పక్కకు పేరుకుని, ఎండి రాయిలా బిగిసి ఉంది. వర్షాల్లో పర్చూరు వైపు తమ పొలానికి వెళ్లివచ్చానని ఆయన అప్పుడు గుర్తు చేసుకున్నారు. మట్టి ఉండగా బ్యాలెన్సింగ్ మెషిన్ (చక్రంలో ఏ పక్క ఎంత బరువు ఎక్కువో చూపే యంత్రం) మీద పెడితే ఎడమ చక్రం 70 గ్రాముల తేడా చూపించింది. స్క్రూడ్రైవర్‌తో గీకి, కడిగి, మళ్లీ పెడితే 10 గ్రాములే. ఆ రెండు చక్రాలు సరిచేసి చిలకలూరిపేట వైపు హైవే మీద 100 దాకా నడిపిస్తే స్టీరింగ్ కదలలేదు. అంతకుముందు ఆ చక్రాలు విప్పి ఆర్మ్‌లు మార్చినవారి కళ్ల ముందే ఆ మట్టి ఉండి ఉంటుందన్నది నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం.

కాబట్టి ఏ భాగమైనా మార్చడానికి ఒప్పుకునే ముందు, పైసా ఖర్చులేని పరీక్ష ఒకటి చేయించండి: ముందు చక్రాలను వెనక్కి, వెనుకవి ముందుకు వేయించి అదే రోడ్డు మీద అదే వేగంలో నడపండి. వణుకు స్టీరింగ్ నుంచి సీటుకు మారితే లోపం టైరులోనో రిమ్‌లోనో ఉన్నట్లు. అప్పుడు ఆర్మ్‌లు మార్చవలసిన పని లేదు. మెకానిక్‌కు "వణుకుతోంది" అని మాత్రమే చెప్పకుండా ఎప్పుడు వణుకుతోందో చెప్పండి. బ్రేకు తొక్కినప్పుడే వస్తే డిస్క్‌ను, యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వచ్చి వదలగానే తగ్గితే యాక్సిల్ లోపలి జాయింట్‌ను, బండి నిలబడి ఇంజిన్ నడుస్తుండగా వస్తే ఇంజిన్ మౌంటింగ్‌లను ముందుగా చూడాలి. వేగంతో పెరిగే హోరు మలుపు తిరిగేటప్పుడు మారుతుంటే బేరింగ్‌ను అనుమానించాలి.

మిగిలిన అపోహల గురించి క్లుప్తంగా చెబుతాను. వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, బండి ఒక పక్కకు లాగడాన్ని, టైరు ఒక అంచున అరగడాన్ని సరిచేస్తుంది. వణుకుకు కావలసింది బ్యాలెన్సింగ్. నైట్రోజన్ గాలి నింపినంత మాత్రాన వణుకు పోదు. బ్రేకు తొక్కితే వణికే ప్రతి డిస్కూ వేడికి వంగినది కాదు. హబ్‌కూ (చక్రం బిగించే మధ్య భాగం) డిస్క్‌కూ మధ్య తుప్పు చేరినా, డిస్క్ మందంలో మిల్లీమీటరులో పదో వంతు కంటే తక్కువ తేడా వచ్చినా పెడల్ కింద తెలుస్తుంది. కాబట్టి డయల్ గేజ్ వంటి సన్నని తేడాలు కొలిచే సాధనంతో చూడకుండా కొత్తది కొనకండి. వారాల తరబడి కదలని బండి మొదటి కొన్ని కిలోమీటర్లు వణికి తర్వాత సర్దుకుంటే, అది టైరు నేలకు ఆనిన చోట పడిన చదును, భయపడవలసింది కాదు.

ఇంతటి వణుకుతో బండి నడపవచ్చా అని చాలామంది ఆందోళనగా అడుగుతారు. మట్టి, బ్యాలెన్సింగ్ లోపం అయితే వేగం తగ్గించి ఇంటికి చేరవచ్చు. కానీ టైరు పక్కగోడ మీదగానీ ట్రెడ్ మీదగానీ ఉబ్బు కనిపించినా, జాకీ మీద లేపిన చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపితే టకటక ఆడినా, నట్లు లూజుగా దొరికినా బండిని అక్కడే ఆపి, మెకానిక్‌ను బండి దగ్గరికే పిలిపించండి.