గాడిద గుడ్డుకు నవ్వు ఎప్పుడొస్తుంది? పశువుల బొమ్మల పుస్తకాల మీద అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో ఉంటూ మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం బొమ్మల పుస్తకాలు చేస్తాను. కథ నేనే రాసుకుంటాను, బొమ్మలూ నేనే వేస్తాను. ఆవులు, మేకలు, ఎనుములు (గేదెలు), కోళ్లు, ఒక గాడిద. ఇవే నా పాత్రలు. పిల్లల్ని నవ్వించడం వాటి పని. అచ్చుకు ఇచ్చే ముందు తెల్ల కాగితాలు మడిచి, పెన్సిల్ బొమ్మలతో ఒక డమ్మీ కుట్టుకుని, చంద్రగిరి దగ్గర ఒక అంగన్‌వాడీకి వెళ్లి పిల్లల మధ్య కూర్చుని చదువుతాను. ఎక్కడ నవ్వారో, ఎక్కడ కిటికీ వైపు చూశారో అక్కడే తేలిపోతుంది.

ఈ పని గురించి తల్లిదండ్రులు, టీచర్లు, కొత్తగా రాయాలనుకునేవాళ్లు నాతో కొన్ని మాటలు అంటుంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ వాటిలో చాలావరకు పిల్లల ముందు నిలబడవు.

అపోహ: జంతువు చేత ఏ వింత పని చేయించినా పిల్లలు నవ్వుతారు.

నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఒక డమ్మీలో గాడిదను గుడ్డు మీద కూర్చోబెట్టాను. పక్కన కోడిపెట్ట నోరు తెరుచుకుని చూస్తుంటుంది. గాడిద గుడ్డు అనే మాట మనకు చిన్నప్పటి నుంచి తెలుసు కాబట్టి బొమ్మ వేస్తున్నప్పుడే నాకు నవ్వొచ్చింది. అంగన్‌వాడీలో ఆ పేజీ తిప్పగానే ఒక ఐదేళ్ల పిల్లవాడు "గాడిద యాడన్నా గుడ్డు పెడతాదా!" అని పడీపడీ నవ్వాడు. మూడేళ్ల పిల్లలు మాత్రం శ్రద్ధగా బొమ్మ చూశారు. అందులో ఒక పాప "ఎన్ని గుడ్లు?" అని అడిగింది.

ఆ పాప ప్రశ్నలో తప్పేమీ లేదు. కోడి గుడ్డు పెడుతుందని, గాడిద పిల్లను ఈనుతుందని తెలిసినవాళ్లకే అది వింత. తెలియని పాపకు అది ఒక కొత్త సమాచారం, అంతే. నవ్వు పుట్టాలంటే ముందు మామూలు సంగతి తెలిసి ఉండాలి, ఆ తర్వాత అది తలకిందులు కావాలి.

అందుకే గాడిదకు ముందు మూడు పేజీలు చేర్చాను. కోడి గుడ్డు పెట్టింది. మేక పిల్లను ఈనింది. ఆవు దూడను ఈనింది. ఆ తర్వాత పేజీ తిప్పితే గుడ్డు మీద గాడిద. ఈసారి మూడేళ్ల వాళ్లూ నవ్వారు. వాళ్లకు తెలియాల్సిన మామూలు సంగతిని పుస్తకమే ముందు చెప్పింది.

అపోహ: నవ్వుల పుస్తకమే కదా, జంతువు సరిగ్గా లేకపోయినా పర్వాలేదు.

నేను ఎక్కువగా వాదించేది ఈ మాట మీదే. ఒకసారి పెద్ద నవ్వు నవ్వుతున్న ఆవును వేశాను. పైనా కిందా తెల్లటి పళ్ల వరుసలు. పాకాల వైపు ఒక పల్లెలో పాలు పోసే పెద్దాయన ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం సామీ, ఆవుకు పైన పండ్లు యాడుండాయి?" అన్నాడు. నిజమే. ఆవుకు పైదవడ ముందు భాగంలో పళ్లు ఉండవు, గట్టి చిగురు ఉంటుంది. కింద ముందుపళ్లు ఎనిమిది. ఎనుముకూ, మేకకూ, గొర్రెకూ అంతే. ఇంటికొచ్చి ఆ బొమ్మ మళ్లీ వేశాను. కింది పళ్లు మాత్రమే కనిపించేలా నవ్వే ఆవు మొదటిదానికంటే చాలా బాగా నవ్వించింది, ఎందుకంటే అది ఆవు నవ్వులాగే ఉంది. మొదటిది ఆవు ముఖానికి అతికించిన మనిషి నవ్వు.

అప్పటి నుంచి స్కెచ్‌బుక్ పట్టుకుని కొట్టాల్లో కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. పశువుల్లో ఉన్న హాస్యం మనం కల్పించే హాస్యం కంటే పెద్దదని అక్కడే తెలిసింది. ఆవు లేచేటప్పుడు వెనకకాళ్ల మీద ముందు లేస్తుంది. ఒక క్షణం పాటు తోక ఆకాశంలో, ముక్కు నేల మీద, మోకాళ్ల మీద మొక్కుకుంటున్నట్టు ఉంటుంది. గుర్రం దీనికి పూర్తిగా తలకిందులు, దానికి ముందుకాళ్లే ముందు. ఈ రెండింటినీ ఎదురెదురు పేజీల్లో నిద్రలేపితే చాలు, మాట ఒక్కటీ రాయక్కర్లేదు. కోడి మట్టితో స్నానం చేస్తుంది. గుంట తవ్వుకుని, రెక్కల్లోకి దుమ్ము ఎగజల్లుకుని, హాయిగా కళ్లు మూసుకుంటుంది. ఈకల్లో పురుగులు, జిడ్డు పోవడానికి అది చేసే పని అది. "నేను కూడా ఇట్లే పోసుకుంటా" అని ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు అంటారు. మేక కంటిపాప అడ్డంగా, తపాలా పెట్టె చీలికలా ఉంటుంది. దానివల్ల తల తిప్పకుండానే చుట్టూ చాలా దూరం కనిపిస్తుంది. దొంగతనంగా ఆకు తినే మేకకు ఇంతకంటే మంచి కన్ను ఎవరు గీయగలరు?

గాడిద ఊపిరి పీల్చేటప్పుడు ఒక ధ్వని, వదిలేటప్పుడు ఇంకో ధ్వని చేస్తుంది. ఓండ్ర పెట్టడం అంటే ఈ రెండూ కలిసి. బిగ్గరగా చదివేవాళ్లు ఊపిరి లోపలికి పీలుస్తూ "ఈఈ", వదులుతూ "హా" అని చూడండి. పిల్లలు నేల మీద పడి నవ్వుతారు.

ఇలాంటి విషయాల్లో అనుమానం వస్తే అడగడానికి తిరుపతి కంటే మంచి ఊరు నాకు దొరకదు. 1955 నుంచి ఇక్కడ పశువైద్య కళాశాల ఉంది. అడిగితే విసుక్కోకుండా చెప్పే పశువైద్యులు ఉన్నారు. వాళ్లకంటే ముందు మాత్రం రోజూ పాలు పితికే ఆడవాళ్లను అడుగుతాను.

అపోహ: పశువుల కథంటే ఎర్రరంగు చెక్క కొట్టం, గుండ్రటి గడ్డిచుట్టలు, గులాబీ రంగు పంది ఉండాలి.

అవి వేరే దేశాల్లోని పల్లెలు. అక్కడి పుస్తకాల్లో అవి అందంగా ఉంటాయి, ఎందుకంటే ఆ బొమ్మలు వేసినవాళ్లు వాటిని రోజూ చూశారు. మన దగ్గర వాటిని ఇంటర్నెట్‌లో చూసి వేస్తున్నాం. చిత్తూరు వైపు కొట్టం అంటే రేకులో, తాటాకులో, నాలుగు రాతికూసాలో. పక్కన గడ్డివామి, వేరుశనగ కట్టె, కుడితి తొట్టి, గోడకు కొట్టిన పిడకలు, పొద్దున్నే సైకిల్‌కు వేలాడే పాల క్యాన్లు. కుడితి తొట్టిలో తల మొత్తం ముంచి, బయటికి తీసినప్పుడు ముక్కు మీద తవుడు అంటుకున్న దూడ ముఖాన్ని ఏ ఎర్ర కొట్టం ఇవ్వగలదు?

పుంగనూరు ఆవు సంగతి చెప్పకుండా ఉండలేను. ఎదిగిన ఆవు ఎత్తు సుమారు మూడడుగులే. మొదటిసారి చూసిన పిల్లలు దూడ అనుకుంటారు. "ఇది అమ్మ" అని చెప్పి దాని దూడను చూపిస్తే నోరు తెరుస్తారు. బొమ్మల పుస్తకంలో చిన్నా పెద్దా తేడాతో ఎన్ని ఆటలైనా ఆడొచ్చు. పొడుగాటి జెర్సీ ఆవు కిందనుంచి పుంగనూరు ఆవు నడిచి వెళ్లిపోయే పేజీ ఒకటి వేశాను. అది కొంచెం అతి, నిజంగా అయితే వీపు తగులుతుంది. కానీ అంతకుముందు పేజీలో రెండింటినీ అసలు ఎత్తుల్లో పక్కపక్కన నిలబెట్టాను కాబట్టి, అతి చేశానని పిల్లలకు తెలుసు. తెలిసే నవ్వుతారు.

కనుమకు చంద్రగిరి దగ్గర రంగంపేట వచ్చి చూడండి. కొమ్ములకు రంగులు, కొమ్ముల మధ్య దేవుళ్ల బొమ్మలో సినిమా హీరోల బొమ్మలో ఉన్న పలకలు కట్టుకుని పశువులు వీధిలో పరుగెడతాయి. ఆ పలకల కోసం కుర్రాళ్లు వెంటపడతారు. తలమీద హీరోను మోస్తున్నానని ఏ ఎద్దుకూ తెలియదు. ఆ ఒక్క ముఖం చాలు, పదహారు పేజీల కథ వస్తుంది.

అపోహ: పల్లె పిల్లలకు ఆవు బొమ్మ ఎందుకు? ఇంట్లోనే ఉంది కదా.

ఇంట్లో ఉంది కాబట్టే. తమ ఇంటి సంగతి పుస్తకంలోకి ఎక్కితే పిల్లలకు ఎంత గర్వమో ఒక్కసారి చూడాలి. తప్పులు పట్టేది కూడా వాళ్లే. పలుపు తప్పు చోట కట్టానని నాలుగేళ్ల పిల్లవాడు నాకు చెప్పాడు.

అపోహ: ఎవరో ఒకరు దెబ్బ తింటేనో, ఎవరినో ఒకరిని తిడితేనో నవ్వు వస్తుంది.

తోక మెలిపెట్టడం, కర్రతో బాదడం, ఎనుము నలుపు మీద జోకులు. ఇవి నా పుస్తకాల్లో ఉండవు. రాతప్రతులు పంపేవాళ్లకూ ఇదే చెబుతాను. "ఎనుములాగా ఉన్నావు", "గాడిదా" అని పిల్లల్ని తిట్టడం మన ఇళ్లల్లో మామూలైపోయింది. పుస్తకంలో ఎనుము నల్లగా, లావుగా ఉందని నవ్విస్తే, రేపు తరగతిలో నల్లగా ఉన్న పాప వైపు నాలుగు వేళ్లు లేస్తాయి. నేను చూశాను. ఆ పాప తల దించుకున్న తీరు ఇప్పటికీ గుర్తుంది.

ఎనుమును నవ్వులపాలు చేయకుండానే ఎనుముతో నవ్వించొచ్చు. దాని ఒంటికి చెమట తక్కువ పడుతుంది, నల్లటి తోలు ఎండను లాగేస్తుంది, అందుకే నీళ్లు కనిపిస్తే వదలదు. చెరువులోంచి రానని మొరాయించే ఎనుమూ, ఒడ్డున నిలబడి బతిమాలే యజమానీ, చివరికి ఆయన కూడా నీళ్లలో కూర్చోవడం. ఇక్కడ ఎవరూ ఓడిపోలేదు. గాడిదను మొండిది అంటాం. భయం వేస్తే అది పరుగెత్తే బదులు ఆగి చూస్తుంది, అంతే. ఆగి చూసే గాడిదను కథానాయకుడిని చేస్తే, మిగతా అందరూ పరుగెత్తి గుంటలో పడేటప్పుడు అది ఒక్కటే గట్టున ఉంటుంది. నవ్వుతో పాటు గాడిద మీద గౌరవం కూడా వస్తుంది.

అపోహ: చివర్లో నీతి ఉండాలి.

మన దగ్గర జంతువుల కథ అనగానే పంచతంత్రం గుర్తుకొస్తుంది. రాజుగారి కొడుకులకు లోకజ్ఞానం నేర్పడానికి విష్ణుశర్మ చెప్పాడని ఆ కథల మొదట్లోనే ఉంది. వాటి పని అది, ఆ పని అద్భుతంగా చేశాయి. నాలుగేళ్ల పాప ఒళ్లో పుస్తకం పెట్టుకుని నవ్వుతున్నప్పుడు జరిగే పని వేరు. ముందేం జరుగుతుందో ఊహిస్తోంది, ఊహ తప్పితే సంతోషిస్తోంది, కొత్త మాటలు వింటోంది. చివరి పేజీలో "కాబట్టి పిల్లలూ" అని మొదలుపెడితే ఆ నవ్వు ఆగిపోవడం నా కళ్ల ముందే జరిగింది.

అపోహ: చిన్నపిల్లల పుస్తకంలో ఒత్తులున్న మాటలు ఉండకూడదు.

తనంతట తాను చదువుకోవడం మొదలుపెట్టిన పిల్లల పుస్తకానికి ఈ నియమం కొంతవరకు సరే. మూడేళ్ల పాపకు మాత్రం చదివేది అమ్మో తాతో టీచరో. పాప చెవితో వింటుంది. కొక్కొరొకో లేకుండా కోడిపుంజు ఎలా కూస్తుంది? ధబ్బుమని పడకుండా దూడ ఎలా పడుతుంది? గబగబా, టపటపా, బుడుంగున, తుర్రున... ఇన్ని ధ్వనులున్న భాషను చేతిలో పెట్టుకుని "ఆవు వచ్చింది, ఆవు పోయింది" అని రాయడం పిల్లలకు అన్యాయం. అలాగే గేదె అని రాయాలా, బర్రె అనాలా, ఎనుము అనాలా అని అడుగుతారు. నేను ఎనుము అనే రాస్తాను. బొమ్మ పక్కనే ఉంది, ఏ జిల్లా పిల్లలకైనా అర్థమవుతుంది.

అపోహ: కథ రాసేస్తే చాలు, బొమ్మలు తర్వాత అలంకారం.

బొమ్మల పుస్తకంలో సగం కథ మాటల్లో ఉండదు. "మేక చాలా బుద్ధిమంతురాలు" అని అక్షరాలు చెబుతుంటాయి, బొమ్మలో మేక ఆరేసిన చీర నములుతూ ఉంటుంది. చదివే పెద్దవాళ్లకు తెలియని సంగతి చదవడం రాని పాపకు తెలిసిపోతుంది. ఆ ఆనందం కోసమే ఈ పుస్తకాలు. "మేక చీర నమిలింది" అని మాటల్లో కూడా రాస్తే పాపకు కనిపెట్టడానికి ఏమీ మిగలదు.

ఇంకొకటి పేజీ తిప్పడం. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరుగుతాయి, నాలుగు చొప్పున తగ్గుతాయి. అందుకని కథను పదహారుకో ఇరవై నాలుగుకో కొలిచి పరచుకోవాలి. ప్రశ్న కుడి పేజీలో ఉండాలి, జవాబు తిప్పిన తర్వాత ఎడమ పేజీలో దొరకాలి. ఒకసారి నా పుస్తకాన్ని ఖర్చు తగ్గించడం కోసం ఇరవై నాలుగు పేజీల నుంచి పదహారుకు కుదించి అచ్చు వేశారు. మాట ఒక్కటీ పోలేదు, బొమ్మ ఒక్కటీ పోలేదు. కానీ "గడ్డివామి వెనక ఎవరు?" అనే ప్రశ్నా, వెనక దాక్కున్న పందిపిల్లా ఎదురెదురుగా వచ్చాయి. డమ్మీకి విరగబడి నవ్విన పిల్లలే అచ్చు పుస్తకం చూసి "పంది" అని చెప్పి ఊరుకున్నారు. ఆ రోజు చాలా బాధపడ్డాను. ఇప్పుడు పేజీల లెక్క ఒప్పందంలోనే రాయించుకుంటున్నాను.

అపోహ: తెలుగులో చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలే లేవు.

ఉన్నాయి. "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థవి, చెన్నై తూలిక వాళ్లవి, నేషనల్ బుక్ ట్రస్ట్‌వి వెతికితే దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఫోన్‌లోనే ఉచితంగా చదవొచ్చు. ఇంకా చాలా రావాలి, అది వేరే మాట.

అపోహ: ఒకసారి నవ్వాక మళ్లీ నవ్వరు, కాబట్టి రోజూ కొత్త పుస్తకం కావాలి.

చదివే పెద్దవాళ్లకు విసుగు వస్తుంది, పిల్లలకు రాదు. మొదటిసారి ఆశ్చర్యపోయి నవ్వుతారు. రెండోసారి నుంచి రాబోయేది తెలుసన్న ధీమాతో, అది వచ్చేదాకా ఆగలేక నవ్వుతారు. గాడిద డమ్మీని అదే అంగన్‌వాడీలో ఇప్పటికి పదిసార్లైనా చదివి ఉంటాను. అంచులు నలిగిపోయాయి, దారం ఒకసారి మార్చాను. "ఎన్ని గుడ్లు?" అని అడిగిన పాప ఇప్పుడు నా పక్కనే కూర్చుంటుంది. పోయిన వారం ఆవు దూడను ఈనిన పేజీ అయిపోగానే నేను తిప్పబోతుంటే తన చిన్న అరచేతిని పేజీ మీద పెట్టి ఆపేసింది. కొత్తగా చేరిన పిల్లలందరి వైపూ ఒక్కొక్కరిగా చూసింది. అందరూ తన వైపు చూసేదాకా ఆగింది. అప్పుడు చెయ్యి తీసింది.