మొదటి తడి

కాశీబుగ్గ

చిరంజీవులు అమ్మలుకి, చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేనూ నానమ్మా బాగున్నాం. మొన్న ఆదివారం ఫోన్లో అమ్మలు అడిగిన మాట నా మనసులోంచి పోవడం లేదు. "తాతయ్యా, మా క్లాసులో సగం మంది ఆరో తరగతి నుంచే ఐఐటీ కోచింగ్ చదివి వచ్చారు. నేను ఇంటర్‌లో మొదలుపెట్టాను. ముందు మొదలుపెట్టినవాళ్లని ఎప్పటికైనా అందుకోగలనా?" అన్నావు. నీ గొంతులో టెన్షన్ నాకు తెలిసింది. నేనేమో "ఎందుకందుకోలేవమ్మా, కష్టపడితే చాలు" అనేసి ఊరుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పిల్ల నమ్మి అడిగితే సగం నిజం చెప్పానే అనిపించింది. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను. చిన్నోడా, ఇందులో నీకూ పని ఉంది, చివరిదాకా చదువు.

మన పాత ఊరు వంశధార ఎడమ కాలువకి శివారు. గొట్టా బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు హిరమండలం దాటి, టెక్కలి దాటి, దాదాపు నూరు కిలోమీటర్లు నడిచి మా మడికి రావాలి. దారిలో ఎవరి పొలం వాళ్లు తడుపుకోగా మిగిలిందే మాది. పైనవాళ్లకి జూలైలోనే ఉభాలు, అంటే నాట్లు, అయిపోయేవి. మాకు ఆగస్టు నెలాఖరు. కొన్నేళ్లు అదీ లేదు.

నెలే కదా తేడా అనుకుంటారు. ఆ నెల ఏం చేసేదో చెబుతాను. ఆకుమడిలో ఆకు పాతిక, ముప్ఫై రోజులకి తీసి నాటెయ్యాలి. నీళ్ల కోసం ఎదురుచూస్తూ యాభై రోజులు ఉంచితే ముదిరిపోతుంది. ముదురు ఆకు నాటితే పిలకలు సరిగా పెట్టవు. అదొక నష్టం. మన దగ్గర తుపాన్లు ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తాయి. పైనవాళ్ల చేలో గింజ గట్టిపడే వేళకి మా చేను అప్పుడే ఈనుతూ ఉండేది. పూత మీద గాలివాన కొడితే మాకు మిగిలేది తాలు. అది రెండోది. వాళ్లు నేలలో పదును ఉండగానే, కోతకి రెండు మూడు రోజుల ముందు, మినుములూ పెసలూ చల్లేసుకునేవారు. మాకు కోత అయ్యేసరికి నేల బీటలు తీసేది, రెండో పంట ఊసే లేదు. సంక్రాంతికి ముందే వాళ్లు ధాన్యం అమ్మి అప్పు తీర్చేసేవారు. మా నాన్న వడ్డీ కట్టి, అసలుకి దండం పెట్టి వచ్చేవాడు. మరుసటి ఏడు తొలకరికి వాళ్ల ఇంట్లో విత్తనం సిద్ధంగా ఉండేది. మా నాన్న విత్తనం కోసం మళ్లీ షావుకారు గుమ్మం ఎక్కేవాడు.

మా నాన్న ఆ రైతుల్లో ఎవరికీ తీసిపోడమ్మా. ఒంటికష్టంలో నలుగురి పెట్టు. కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందన్నదే వాళ్లకీ ఆయనకీ తేడా. ఒక్క నెల ముందు అందిన తడి ఇంకో ముందుని కంటుంది, అది మరొకదాన్ని. నీ క్లాసులో నీకు భయం వేసింది దీన్ని చూసే. ఆ భయం ఉత్తది కాదు.

చదువుకున్నవాళ్లు దీనికో పేరు కూడా పెట్టారు. 1968లో రాబర్ట్ మెర్టన్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త దీన్ని 'మత్తయి ప్రభావం' అన్నాడు. ఉన్నవాడికే ఇంకా ఇవ్వబడుతుంది అని మత్తయి సువార్తలో ఉన్న మాట నుంచి తీసుకున్నాడు. ఒకేలాంటి పని ఇద్దరు శాస్త్రవేత్తలు చేస్తే, అప్పటికే పేరున్నవాడికే ఎక్కువ గుర్తింపు వస్తోందని ఆయన చూపించాడు. కెనడాలో ఐస్ హాకీ ఆడే పిల్లల సంగతి ఇంకా విచిత్రం. అక్కడ జట్లకి వయసు లెక్క జనవరి 1 నుంచి. జనవరిలో పుట్టిన పిల్లాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే జట్టు. ఎనిమిదేళ్ల వయసులో పదకొండు నెలలంటే ఎంత ఎత్తు, ఎంత బలం! పెద్దవాడు బాగా ఆడుతున్నట్టు కనిపిస్తాడు, మంచి కోచ్ దగ్గరికి వెళతాడు, ఎక్కువ ఆటలు ఆడతాడు, చివరికి నిజంగానే బాగా ఆడేవాడవుతాడు. 1980లలో రోజర్ బార్న్‌స్లీ అనే సైకాలజిస్టు పెద్ద ఆటగాళ్ల పుట్టినరోజులు లెక్కతీస్తే, ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా తేలారు. మొదటి తడి ఎవరి మడికి అందిందో చూడకుండా, ఎవరి చేను పచ్చగా ఉందో చూసి మెచ్చుకుంటాం మనం. ఇది నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

ఇప్పుడు చిన్నోడి లెక్క. కాగితం తీసుకుని నువ్వే వేసి చూడు. ఒకడు ఇరవయ్యో ఏట మొదలుపెట్టి ఏడాదికి 12,000 రూపాయల చొప్పున పదేళ్లు దాచాడు. ముప్ఫైకి ఆపేశాడు, మళ్లీ ఒక్క రూపాయి వెయ్యలేదు, తియ్యలేదు. రెండోవాడు ముప్ఫైకి మొదలుపెట్టి అదే 12,000 అరవై దాకా, ముప్ఫై ఏళ్లు కట్టాడు. ఇద్దరికీ 8 శాతం చక్రవడ్డీ అనుకో. మొదటివాడు వేసింది 1,20,000, అరవయ్యో ఏట చేతికొచ్చేది దాదాపు 17 లక్షల 49 వేలు. రెండోవాడు వేసింది 3,60,000, వచ్చేది దాదాపు 13 లక్షల 59 వేలు. మూడింతలు కట్టినవాడు వెనకబడ్డాడు. నేను ఈ లెక్క యాభై దాటాక నేర్చుకున్నాను. ఇరవైలో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

వ్యాపారంలోనూ ఇదే కాలువ. మన కాశీబుగ్గలో జీడిపిక్కల సీజను మార్చి నుంచి మే దాకా. అప్పుడు పిక్క చవక, తర్వాత ధర ఎక్కుతుంది. చేతిలో డబ్బున్నవాడు ఏప్రిల్లోనే ఏడాదికి సరిపడా 80 కిలోల బస్తాలు గోదాములో పేర్చేసుకుంటాడు. లేనివాడు పప్పు అమ్మితే గానీ మళ్లీ పిక్క కొనలేడు. దీపావళికి ధర వస్తుందని తెలిసినా అందాకా ఆగలేడు, శ్రావణంలోనే తెగనమ్ముకుంటాడు. కాల్చడం ఒకటే, కటింగ్ ఒకటే, నాలుగు కిలోల పిక్కకి ఇద్దరికీ వచ్చేది సుమారు కిలో పప్పే. ముందున్నవాడికి మాత్రం ఓపిక పట్టే వీలుంది. ముందుండటం వల్ల వచ్చే లాభాల్లో ఇదే పెద్దదని నా నమ్మకం. తప్పు చేసినా తట్టుకోగలడు, మంచి ధర కోసం కాచుకోగలడు. మీ క్లాసు పిల్లలకి ఉన్నదీ ఇదే. నువ్వు ఇప్పుడు చేస్తున్న తప్పులు వాళ్లు ఏడో తరగతిలో చేసేశారు. అప్పుడు ఏ తప్పుకీ ర్యాంకు పోదు. (అలాగని పదకొండేళ్ల పిల్లల్ని రాత్రి తొమ్మిదింటిదాకా కోచింగ్‌లో కూర్చోబెట్టడం నాకు నచ్చదు. ఆ వయసులో ఆటలో నేర్చుకునేది ఇంకెప్పుడు నేర్చుకుంటారు?)

నాకూ ముందుండాలన్న ఆత్రం పుట్టింది ఒక ఏడాది. మార్చి మొదటి వారంలోనే తోటలు తిరిగి అరవై బస్తాలు కొన్నాను. పిక్క ఎండితే చెవి దగ్గర ఊపినప్పుడు లోపల పప్పు గలగలమంటుంది. ఆ పిక్కలు గలగలమనలేదు. నాకు తెలుసు. మూడు రోజులు ఎండబెడితే ఎవరో ముందుకెళ్లిపోతారని అలాగే గోదాములో వేయించాను. జూన్‌లో బస్తాలు విప్పితే బూజు వాసన. మూడోవంతు పప్పు నల్లబడిపోయింది. ఆ దెబ్బ నుంచి తేరుకోడానికి రెండేళ్లు పట్టింది. మీ నాన్న స్కూలు ఫీజుకి నానమ్మ గాజులు తాకట్టు పెట్టాం. పెద్ద పెద్ద కంపెనీలకీ ఇలాంటివి తప్పలేదు. ఇంట్లో వీడియో క్యాసెట్ల కాలంలో బీటామాక్స్ 1975లో వచ్చింది, వీహెచ్ఎస్ ఏడాది ఆలస్యంగా 1976లో. ముందొచ్చిన క్యాసెట్లో గంటే పట్టేది, తర్వాతదాంట్లో రెండు గంటలు. గెలిచింది రెండోదే. ముందు రావడం అక్కరకొచ్చేది పిక్క ఎండినప్పుడే అమ్మలూ.

ఆ దెబ్బ తర్వాత గుండు పప్పు వ్యాపారంలో పెద్దవాళ్లతో పోటీ పడటం మానేశాను. వాళ్లు పట్టించుకోని ముక్క పప్పు తీసుకుని వారం వారం బరంపురం వెళ్లి మిఠాయి కొట్లకి వేయడం మొదలుపెట్టాను. లాభం చిన్నది. వానొచ్చినా, పండగొచ్చినా వారం తప్పలేదు. పదేళ్ల తర్వాత మిగతావాళ్లు అటు చూసేసరికి ఆ కొట్లవాళ్లు నాకు ఇంటిమనుషుల్లా అయ్యారు. వాళ్లకి వేరేచోట ధర కాస్త తగ్గినా నన్ను వదల్లేదు. జీవితంలో నాకు దొరికిన తలకాలువ, నీళ్లు ముందుగా అందే చోటు, అదొక్కటే. దాన్ని నేనే తవ్వుకున్నాను.

మన ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి సంగతి ఈ కంటితో చూడండి. పన్నెండో ఏట బరువులెత్తడం మొదలుపెట్టింది. ఆడవాళ్లకి ప్రపంచ పోటీలే 1987లో మొదలయ్యాయి, ఒలింపిక్స్‌లో ఆ ఆట ఇంకా లేదు. ఎవరూ ఎక్కువగా రాని దారి అది. 1994లో, 1995లో ప్రపంచ విజేత అయింది. 2000లో సిడ్నీలో ఆడవాళ్ల బరువులకి మొదటిసారి ఒలింపిక్ తలుపు తీశారు. అప్పటికి ఆమె చేతుల్లో పన్నెండు, పదమూడేళ్ల సాధన ఉంది. 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఇంకా తలుపే పెట్టని గుమ్మం ముందు అన్నేళ్లు నిలబడగలగడం నాకు ఆ పతకం కన్నా గొప్పగా కనిపిస్తుంది.

కనుక నీ ప్రశ్నకి నా జవాబు ఇది. ఆరో తరగతి నుంచి చదివినవాళ్లని వాళ్ల పాఠాల్లో ఈ రెండేళ్లలో అందుకోవడం కష్టం. కొందరిని అందుకుంటావు, కొందరిని అందుకోలేవు. నీ చేతిలో ఉన్న ముందు ఒకటి ఉంది. రేపు చెప్పబోయే పాఠం ఈ రాత్రి ఓ గంట చదువుకుని వెళ్లు. అర్థం కానిచోట పెన్సిల్‌తో గీత పెట్టుకో. అప్పుడు క్లాసులో చెప్పేది నీకు రెండోసారి అవుతుంది, అడగడానికి ప్రశ్న చేతిలో ఉంటుంది. ప్రశ్న అడిగిన పిల్లని మాస్టారు గుర్తుపెట్టుకుంటారు. ఒక్కరోజు ముందు, అంతే. పది వారాలు చేసి నాకు ఉత్తరం రాయి. పదకొండు కొట్టేసరికి పడుకోవాలి, అది నానమ్మ ఆర్డరు.

2018 అక్టోబరు 11 తెల్లవారకముందు తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీరు చిన్నపిల్లలు. ఉద్దానంలో మన నలభై కొబ్బరి చెట్లలో ఇరవై ఎనిమిది పడిపోయాయి. నేను నెల రోజులు తోటవైపు వెళ్లలేకపోయాను. కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు, ఈ వయసులో నాకెందుకు అన్నాను. నానమ్మ వినలేదు. 2019 తొలకరికి మొక్కలు తెప్పించి గోతులు తీయించింది. పక్క తోటవాళ్లు చూద్దాం చూద్దాం అని మూడేళ్లు ఆగారు. మన చెట్లకి ఇప్పుడు గెలలు దిగుతున్నాయి. దసరా సెలవులకి మీరొచ్చినప్పుడు ఆ బొండాలే కొట్టించి ఇస్తాను.

చిన్నోడా, నీకు పదేళ్లు నిండాయి కనుక పోస్టాఫీసులో నీ పేరు మీదే ఖాతా తెరుస్తారు. నెలకి 100 రూపాయలతో ఆర్డీ, అంటే నెలనెలా కట్టే డిపాజిట్, కట్టొచ్చు. మొదటి ఆర్నెల్లు నేను కడతాను, తర్వాత నీ పండగ డబ్బుల్లోంచి నువ్వు కట్టాలి. ఆధార్ కాపీ, రెండు ఫోటోలు మీ నాన్నతో పంపించు. ఈ నెల దాటనివ్వకు.

మీ
తాతయ్య