చప్పుడు పీల్చేటప్పుడా, వదిలేటప్పుడా?

బిడ్డ పుట్టి రెండు వారాలు. ఊపిరి తీస్తుంటే సన్నగా కీచుమని చప్పుడు. జలుబు చేసిందంటారు ఇంట్లో పెద్దవాళ్లు. ముక్కు చూస్తే శుభ్రంగానే ఉంటుంది. చప్పుడు గాలి పీల్చేటప్పుడు వస్తోందా, వదిలేటప్పుడా? ముందు అది గమనించాలి.

నానిన కాగితం స్ట్రాతో జ్యూస్ గట్టిగా పీలిస్తే స్ట్రా లోపలికి నొక్కుకుపోతుంది. స్వరపేటిక పైభాగం మెత్తగా ఉన్న పిల్లల్లో జరిగేదీ అదే. పీల్చినప్పుడల్లా అక్కడి పొరలు దారికడ్డంగా ఒరుగుతాయి. సన్నటి సందులోంచి దూరే గాలికి అవి అదురుతాయి. దీని పేరు లారింగోమలేషియా. పసికందుల్లో ఇలాంటి చప్పుడుకు ఎక్కువగా కనిపించే కారణం ఇదే.

ఛాతీలోని శ్వాసనాళం మెత్తబడితే లెక్క తిరగబడుతుంది. పీల్చేటప్పుడు ఛాతీతోపాటు గొట్టమూ విచ్చుకుంటుంది, వదిలేటప్పుడు చుట్టూ ఒత్తిడి పెరిగి నొక్కుకుపోతుంది. ఇది ట్రేకియోమలేషియా. దీన్ని పిల్లికూతలనుకుని ఆస్తమా మందు పెట్టడం మామూలే. ఆ మందు కండరాన్ని వదులు చేస్తుంది. ఇక్కడ లోపించిందే బిగువు! అందుకే కొందరిలో ఇబ్బంది పెరుగుతుంది కూడా.

లారింగోమలేషియా చప్పుడు మొదటి కొన్ని నెలలు పెరుగుతూ పోతుంది. అమ్మానాన్నల టెన్షన్ కూడా. చాలామందిలో ఏడాదిన్నర, రెండేళ్లకు దానంతటదే పోతుంది. అందాకా చప్పుడు కంటే తూకం మీద కన్నేయడం మేలు. పాలు తాగుతూ పొలమారడం, కక్కడం, బరువు పెరగకపోవడం ఉంటే ఈఎన్‌టీ డాక్టర్ ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి చూస్తారు. కొద్దిమందికే ఆపరేషన్ అవసరమవుతుంది. బిడ్డను నిటారుగా పట్టుకుని, మధ్యమధ్య ఆపుతూ పాలివ్వడం చాలామందికి సాయపడుతుంది. బోర్లా వేస్తే చప్పుడు తగ్గుతుంది, నిజమే. కానీ డాక్టర్ ప్రత్యేకంగా చెబితే తప్ప, నిద్రపుచ్చేది వెల్లకిలానే. బోర్లా నిద్రలో హఠాన్మరణం ముప్పు ఎక్కువ. డొక్కలెగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, ఊపిరి మధ్యలో ఆగుతున్నా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

శ్వాసనాళాలు బాగా మెత్తబడితే సీపాప్ యంత్రంతో గాలి ఒత్తిడిపెట్టి తెరిచి ఉంచుతారు. అదీ చాలని ఒక పసివాడికి 2012లో అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ వైద్యులు త్రీడీ ప్రింటర్‌తో చిన్న తొడుగు చేసి, మూసుకుపోతున్న గాలిగొట్టం చుట్టూ అమర్చి, గొట్టాన్ని దానికి కుట్టారు. దాన్ని సుమారు మూడేళ్లలో ఒంట్లోనే కరిగిపోయే పాలిమర్‌తో చేశారు. గొట్టం సొంతంగా నిలబడగలిగేలా ఎదగడానికి ఆ గడువు చాలునని వాళ్ల అంచనా.