జీతం పెంచితే ఆగిపోతారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆసుపత్రుల మానవ వనరుల విభాగంలో పదహారేళ్లుగా పనిచేస్తున్న నేను, విదేశాలకు వెళ్లే వైద్యులూ నర్సులూ ఇచ్చిన రాజీనామా లేఖలు వందలకొద్దీ అందుకున్నాను. ప్రతి లేఖకూ యాజమాన్యం చెప్పే అర్థం ఒక్కటే: డబ్బాశ.

అపోహ: నిపుణులు జీతం కోసమే దేశం విడిచి వెళతారు.

వాస్తవం: జీతం పెద్ద కారణమే, కాదనను. అయితే అదొక్కటే కారణమని నమ్మిన యాజమాన్యం కొంత జీతం పెంచి, రెండేళ్ల బాండు రాయించుకుని నిశ్చింతగా కూర్చుంటుంది. బాండు తీరిన నెలలోనే రెండో రాజీనామా వస్తుంది, ఈలోగా ఆ మనిషిని నిజంగా తరిమిన కారణం అలాగే ఉండి మరో ఇద్దరిని బయటికి పంపుతుంది. ఒక మత్తుమందు వైద్యుడు, పెంచిన జీతం తనకు చాలునని ఒప్పుకుంటూనే, "ఆపరేషన్ థియేటర్లో మానిటరు పాడై ఏడు నెలలైందండీ, నాలుగుసార్లు రాసిచ్చాను, రేపు బల్ల మీద ఎవరికైనా ఏమైనా అయితే సంజాయిషీ చెప్పుకోవలసింది నేనే కదా" అన్నారు. ఆ నాలుగు కాగితాలనూ కొనుగోలు విభాగానికి పంపి చేతులు దులుపుకున్నది నేనే. పాడైన పరికరాలు, రాని పదోన్నతి, పై చదువుకు దొరకని సెలవు, వరుస రాత్రి డ్యూటీలు: నేను మళ్లీ మళ్లీ విన్నవి ఇవే, బాండు కాగితంలో వీటి ఊసే ఉండదు. ఆఫ్రికా దేశమైన మలావీ 2004లో ప్రకటించిన పథకం కింద ఆరోగ్య సిబ్బంది జీతంపై 52 శాతం అదనంగా ఇచ్చిన మాట నిజమే గానీ, అదే పథకంలో శిక్షణ అవకాశాలను కూడా బాగా పెంచారన్న సంగతిని, ఆ ఉదాహరణ చెప్పేవారు వదిలేస్తుంటారు.

అపోహ: మేధో వలస పేద దేశాల జాడ్యం.

వాస్తవం: 'బ్రెయిన్ డ్రెయిన్' అన్న మాట 1960ల్లో వ్యాప్తిలోకి వచ్చింది, బ్రిటన్ శాస్త్రవేత్తలు ఉత్తర అమెరికాకు తరలిపోతున్నారన్న ఆందోళనతోనే.

అపోహ: ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన, వైద్య సిబ్బంది కొరత ఉన్న దేశాల జాబితాలోని వైద్యులూ నర్సులూ విదేశీ ఉద్యోగానికి దరఖాస్తు చేయకూడదు.

వాస్తవం: ఈ పుకారు మోసుకొచ్చేవారిని చూస్తే నాకు ఓపిక నశిస్తుంది, నమ్మి దిగులుపడేవారిని చూస్తే జాలి కలుగుతుంది. 2023 జాబితాలోని 55 దేశాల్లో ఆరోగ్య సిబ్బంది కొరత తీవ్రంగా ఉన్నందున, అక్కడి నుంచి పనిగట్టుకుని నియామకాలు జరపవద్దని ఇతర దేశాలను కోరడమే దాని ఉద్దేశం. ఆరోగ్య సిబ్బంది అంతర్జాతీయ నియామకాలపై ఆ సంస్థ 2010లో తెచ్చిన నియమావళి ఎవరైనా స్వయంగా వలస వెళ్లే స్వేచ్ఛను అడ్డుకోదు. ఇది తెలియక ఒక నర్సు, రుసుము కట్టిన అర్హత పరీక్షకు కూడా వెళ్లకుండా మానుకున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి ఆమె భాషా పరీక్ష ఫలితానికి కూడా గడువు తీరిపోయింది.